తీశాడా, తీసిందా

శుక్రవారం

నాయనమ్మకు ప్రాణమైన పాత నవలలో ఉత్తరాలను ఎస్సెమ్మెస్‌లు చేసి, మొత్తం కాలేజీ థ్రిల్లర్‌గా మార్చేశాను కదా! హైటెక్ సిటీ ఆఫీసుకు సెలవు పెట్టి, ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో డైరెక్టర్‌గారికి వినిపించాను.

"ముసుగు మనిషి మెల్లగా తలుపు తీసింది" అన్నానో లేదో, ఆయన పకపకా నవ్వారు. "తీసింది అన్నారంటే, చంపేది అమ్మాయేనన్నమాట!"

మొదటి సీన్‌లోనే సస్పెన్స్ గోవిందా! అయినా కథ తెగ నచ్చిందట. సోమవారం నిర్మాతకు చెప్పమన్నారు!

ఇంటికొచ్చి గంతులేశాక గుబులు మొదలైంది. "తీశాడు" అంటే మోసం. "తీసింది" అంటే మళ్లీ దొరికిపోతాను.

నాయనమ్మకు చెబితే, కళ్లజోడు సర్దుకుని, "తీసిన్రు అను బిడ్డా. ఖూనీ జేస్తే మాత్రం మర్యాద ఇయ్యొద్దా ఏంది?" అంది.

సోమవారం ముసుగు మనిషిగారు తలుపు తీస్తారు.