బోరుకొచ్చిన బండి

నాగారం,
మార్చి 3.

సిద్దిరాములు గారికి నమస్కారం.

మీ షెడ్డులో రెండు నెలలుగా పడి ఉన్న పాత ఇంగ్లండు జీపు యాదయ్యగారిది. నేను ఆయన కోడలిని, పద్మలతను. ఫోన్ చేస్తే మీకు వినపడదని మామయ్య చెప్పాడు, అందుకే ఈ ఉత్తరం. రోజూ రెండు బస్సులు మారి మీ దగ్గరికి వచ్చేది ఆయనే కాబట్టి, కవరు అంటించి ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయనకు చదువు రాదు. పొద్దున పేపరు కూడా నాతోనే చదివించుకుంటాడు.

ఆ బండి ఇక బాగుపడదని ఆయనతో ఒక్క మాట చెప్పండి, తుక్కు కింద అమ్మేస్తాం. సర్వే ఆఫీసులో ఇరవై ఏళ్ళు దాన్ని నడిపి, చివరికి వేలంలో కొనుక్కున్నాడు. ప్రేమ ఉంటుంది, కాదనను. కానీ ఆయనకు డెబ్బై నాలుగు. ఆ రోజు శామీర్‌పేట చౌరస్తాలో నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతే ముందొక టిప్పర్, వెనకొక టిప్పర్. ఈయన తాపీగా దిగి బానెట్ ఎత్తి దానికి నీళ్ళు తాగిస్తున్నాడట! మా ఆయన దేవేందర్‌కు తండ్రితో ఈ మాట అనే ధైర్యం లేదు.

ఇట్లు,
పద్మలత

తా.క.: మా వాకిలంతా ఆ బండి కార్చిన నూనె చుక్కలే. ముగ్గుకు నేను వేరే చుక్కలు పెట్టి నాలుగేళ్ళయింది.


అలియాబాద్,
మార్చి 5.

పద్మలతమ్మకు సిద్దిరాములు దండం పెట్టి రాసేది.

అబద్ధం చెప్పుడు నాకు శాతగాదమ్మా. గీ బండి సల్లటి దేశంల పుట్టింది. మన మేడ్చల్ ఎండకు వేడెక్కితే ఆగుతది, సల్లబడితే నడుస్తది. వాన పడితే వైర్లు తడిసి మూగనోము పడుతది. గవన్నీ చిన్నయి. అసలు రోగం ఒక్కటే, బోరుకొచ్చింది. ఒక్కసారి బోరు చేపిస్తే పదేండ్లు పరేషాన్ ఉండది. మేడ్చల్ల మంచి బోరు పనోడున్నడు. మీరు ఊ అంటే జల్దీ చేపిస్త.

ఉంటనమ్మా,
సిద్దిరాములు

తా.క.: నూనె కారుతాందని రంధి పెట్టుకోకు. కారుడు ఆగిన్నాడు భయపడాలె, లోపల ఒడిసిపోయిందన్నట్టు.


నాగారం,
మార్చి 8.

సిద్దిరాములు గారికి నమస్కారం.

బండి సంగతి రాస్తే బోరు సంగతి రాశారేమిటా అని తికమకపడ్డాను. రెండోసారి చదివితే అర్థమైంది. ఇంజను బోరుకు పనికొస్తుందని కదా! ఎంత మంచి ఆలోచన. మార్చి వచ్చిందంటే మా కాలనీలో ట్యాంకర్ కోసం బిందెలతో వరస కట్టాలి. ఇంటి ముందు బోరు వేసి, ఆ ఇంజను దానికి బిగిస్తే నీళ్ళు తోడుతుంది. మామయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తుక్కుకు వేయనక్కర్లేదు, ఉండనివ్వండి. రోడ్డెక్కకుంటే నాకంతే చాలు. దేవేందర్ కూడా ఒప్పుకున్నాడు. ఎన్ని అడుగులు వేయించాలో రాయండి.

ఇట్లు,
పద్మలత

తా.క.: కొబ్బరికాయతో నీళ్ళ పాయింటు చూసేవాణ్ణి పిలిపించాం. కాయ సరిగ్గా బండి నిలిపే చోటే లేచి నిలబడింది. అక్కడ నీళ్ళకన్నా ముందు నూనె పడుతుందని మామయ్య ఒకటే నవ్వు.


అలియాబాద్,
మార్చి 10.

పద్మలతమ్మకు దండాలు.

అడుగులేందమ్మా! వెంట్రుక మందం చాలు. అంతకన్న ఎక్కువైతే గోడ పలుసబడి పగులుతది. మొత్తం నాలుగు బోర్లు, నాలుగింటికీ ఒక్కటే కొలత. శుక్రవారం వరకు అయిపోతది.

సిద్దిరాములు

తా.క.: కొబ్బరికాయ ఎందుకో సమజ్ కాలే. పూజ బండి బయటికొచ్చినంక చేద్దాం.


నాగారం,
మార్చి 12.

సిద్దిరాములు గారికి,

నాలుగు బోర్లు, గోడ పగలడం చదివి రాత్రంతా మా ఇంటి గోడలు చూస్తూ పడుకున్నాను. పొద్దున దేవేందర్ ఎవరినో అడిగి వచ్చి చెప్పాడు, బోరు చేయడమంటే ఇంజను లోపల అరిగిన సిలిండర్లను మళ్ళీ సాపు చేయడమట. అంటే మీరు దాన్ని మళ్ళీ రోడ్డెక్కిస్తున్నారన్నమాట!

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ముఖం కూడా గుర్తులేదు. ఈ ఇంటికి వచ్చాకే నాకు తండ్రి దొరికాడు. ఆయన ఏ టిప్పర్ కిందో పడితే నేను తట్టుకోలేను. ఆ మాట ఆయనతో అనలేను, కోడలిని కదా. నా బండి మీద నీ పెత్తనమేమిటి అనుకుంటాడేమోనని భయం. దయచేసి మీరే చెప్పండి.

పద్మలత

తా.క.: బోరు వేయడానికి మాట్లాడుకున్న రిగ్గు లారీ వాడికి ఫోన్ చేసి వద్దన్నాను. వెంట్రుక మందం బోర్లు తాము వేయలేమని వాడూ చెప్పాడు.


అలియాబాద్,
మార్చి 14.

బిడ్డా పద్మా,

సిద్దిరాములు పేరు మీద వచ్చిన ఉత్తరాలన్నీ నేనే రాసిన. వానికి అక్షరం ముక్క రాదు. చెవులు మాత్రం మంచిగనే ఇనొస్తయి, బండి ఎప్పుడిస్తవని అడిగేటోళ్ళ మాటే ఇనపడది. నీ మొదటి ఉత్తరం కవరు చింపి నాకే ఇచ్చి సదువుమన్నడు. నా బండిని తుక్కుకెయ్యమని రాసింది వానికి నేనే సదివి ఇనిపించిన. వాడు చెప్పింది చెప్పినట్టు రాసిన. నువ్వు నీళ్ళ బోరనుకున్ననాడే సరిజేయాల్సింది, నీళ్ళ ముచ్చట వానికి సదవకుండ దాటేసిన. ‘ఉండనివ్వండి’ అని రాసినవు గద, గా మాట పోగొట్టుకోబుద్ధి కాలే. తప్పే.

సదువు నాకొచ్చు. నువ్వు కొత్తగ వచ్చినప్పుడు ఇంట్ల ఎవ్వరితోటి మాట్లాడకపోతుంటివి. పేపరు సదివిపెట్టు బిడ్డా అంటే జర నీ గొంతు ఇనపడేది. అలవాటైంది, ఇడువలే.

మొన్నటి ఉత్తరం సిద్దిరాములుకు సగమే సదివిన. తర్వాత కాయితం మడిచి జేబుల పెట్టుకున్న. ఏమైందన్నడు. కండ్లల్ల గ్రీజు పడ్డదన్న.

ఇంజను బోరైంది. ఒక్క సెల్ఫుకే లేస్తాంది. నేను మాత్రం ఇగ నడప. చౌరస్తాల ఆనాడు నాకు కూడ భయమైంది, ఎవ్వరికి చెప్పలే. ఆదివారం నువ్వు రా. చెరువు కట్ట దిక్కు రోడ్డు ఖాళీగుంటది, నేర్పిస్త. నువ్వు నడుపు, నేను పక్కన కూసుంట. ఇగ నాకు చెప్పేది నాకే చెప్పు.

నీ నాయిన,
యాదయ్య

తా.క.: స్టీరింగు నీది. హారను మాత్రం నేనే కొడుత.