గియోర్గి మీకు ఏమవుతాడు?

చేవెళ్ల,
మంగళవారం.

చెల్లె అక్షితకు అన్న ఉదయ్‌భాస్కర్ ఆశీస్సులు. అవ్వ మోకాళ్లను పక్కన పెడితే ఇక్కడ అందరం బాగున్నాం. ఆ జార్జియా చలిలో నువ్వూ గియోర్గీ కూడా బాగున్నారని తలుస్తాను.

మీ ఆసుపత్రిలో నీతో ఉండే లిదియా చేతికిచ్చి పంపిన ఉత్తరం అందింది. శుక్రవారం ఆమె మళ్లీ విమానం ఎక్కుతుందట, ఈ జవాబు ఆమెకే ఇస్తున్నాను. రోజూ వీడియోలో చూసుకునేవాళ్లకు ఉత్తరాలెందుకని మన చిన్నది సాయిశ్రీ నవ్వుతోంది. నువ్వయితే, కన్నతల్లి కదా, అవ్వ దిండు కింద పెట్టుకుని చదువుకుంటుందని రాశావు. నేనెందుకు రాస్తున్నానో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవి. సాయిశ్రీ సంబంధం ఖాయమైంది. మొయినాబాద్‌లో బట్టల షాపు రత్నాకర్ గారి అబ్బాయే. లగ్గం వైశాఖంలో. చిన్న మంగళారం ఊరి వైపు ఫామ్‌హౌస్‌లు లేస్తున్నన్నాళ్లు మన పైపులకూ నల్లాలకూ ఢోకా లేదు, షాపు బాగానే నడుస్తోంది. గియోర్గి కారం తినలేడని విన్నప్పటి నుంచి అవ్వ కారం లేని పచ్చిపులుసు చేసి చూస్తోంది. "గది పులుసు గాదు, చింతపండు నీళ్లు" అని సాయిశ్రీ వెక్కిరిస్తే, "వచ్చేటోడు తాగుతడు, నీకేంది ఫికర్" అంటుంది.

ఇక గియోర్గి వీసా సంగతి. ఫోటో వెనక గోడ తెల్లగా లేదనా, పాస్‌పోర్టు స్కాన్ మసకగా ఉందనా, ఎందుకు తిరగ్గొట్టారని అడిగావు. రెండూ బాగానే ఉన్నాయి. నా ఆధార్, కరెంటు బిల్లు, షాపు లెటర్‌హెడ్ మీద ఆహ్వానం, అన్నీ మొయినాబాద్ ఆన్‌లైన్ సెంటర్‌లో దగ్గర కూర్చుని పెట్టించాను. ఇండియాలో తెలిసినవారెవరు అన్న చోట నా పేరు, నా నంబరు రాయించాను. గియోర్గి వచ్చి అవ్వ ఎదుట కూర్చుని నిన్నిమ్మని అడగాలి, అప్పటిదాకా పెళ్లి మాట లేదని నువ్వు పంతం పట్టావు కదా. అన్నగా ఆ మాత్రం చేయకపోతే ఎట్లా అనుకున్నాను.

నీ ఆఖరి ప్రశ్న, వీసా వాళ్లెవరైనా నాకు ఫోన్ చేశారా అని. వీడియోలో అడిగినప్పుడు రాలేదన్నాను. అబద్ధం చెప్పాను అక్షితా. ఫోన్ వచ్చింది.

ఆ రోజు రత్నాకర్ గారినీ ఆయన భార్యనూ పిల్లను చూడడానికి మన కారులో తీసుకొస్తున్నాను. నీ సంగతి వాళ్లకప్పటికి చెప్పలేదు. పెద్దపిల్ల పై చదువులో ఉంది, తరవాత చేస్తాం అని మాత్రమే అన్నాం. కనకమామిడి దాటుతుండగా ఫోన్ మోగింది. కారు స్పీకరుకు కలిపి ఉంది, మాట కారంతా వినబడింది. వీసా ఎంక్వయిరీ అన్నారు. గియోర్గి పూర్తి పేరు చదివి, ఈయన మీకు ఏమవుతారని హిందీలో అడిగారు.

అద్దంలో రత్నాకర్ గారి మొహం కనబడుతోంది. అట్లాంటి పేరుగల మనిషెవరూ నాకు తెలియదని చెప్పి పెట్టేశాను.

"గీ ఫ్రాడ్ ఫోన్లు బాగ ఎక్కువైనయి ఉదయ్, జర పైలం" అన్నారు రత్నాకర్ గారు.

"నిజమే సేటు, రోజుకొకటి వస్తున్నది" అన్నాను.

గియోర్గిని దొంగల్లో కలిపాను. ఆ పూటే ఆ నంబరుకు తిరిగి చేసి ఉండవచ్చు. ధైర్యం చాలలేదు. మరునాడు చేస్తే ఎవరూ ఎత్తలేదు. పది రోజులకు వీసా రాలేదని నువ్వు ఏడుస్తూ ఫోన్ చేశావు.

ఈ వీసా కోసం అవ్వ చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసింది. అందరూ దేశం దాటించమని మొక్కే చోట ఈమె దేశంలోకి రప్పించమని మొక్కింది. వీసా రాకపోయేసరికి తప్పంతా తన మీద వేసుకుంది. "పదే తిరిగిన్నో ఏమో రా. నడుమ ఒకామె పలకరిచ్చింది, లెక్క తప్పిన" అని ఒకటే బాధ. మొన్న శనివారం మళ్లీ తీసుకుపొమ్మంది. గుడి దగ్గర కారులోంచి ఒక కాలు కింద పెట్టి, మోకాలు పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. ఇక నా వల్ల కాలేదు. అక్కడే అంతా చెప్పేశాను.

తిడితే బాగుండేది. "అయితే నా లెక్క తప్పలే" అంది. తరవాత, "ఇంటి ఆడపిల్ల కోరుకున్నోన్ని తెల్వదంటివా బిడ్డా" అంది. కింద పెట్టిన కాలు మళ్లీ కారులోకి తీసుకుని తలుపేసుకుంది.

సాయంత్రం రత్నాకర్ గారికి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. "గింతేనా? కార్లనే చెప్తే అయిపోతుండె గద" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను కుంగిపోయాను చెల్లీ. ఎవరికి భయపడి నీ నోటికాడి ముద్ద లాగేశానో ఆయనకు అసలు పట్టింపే లేదు.

నన్ను క్షమించమనడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను. ఈ ఉత్తరం గియోర్గికి అతని భాషలో చదివి వినిపించు, ఒక్క ముక్కా దాచకు. అతనికి ఇంకా రావాలనిపిస్తే వీసాకు మళ్లీ పెట్టండి. నా పేరు మాత్రం వద్దు. అవ్వ తన నంబరు రాయమంది. ఫారమే నింపలేదు, ఇప్పుడే ఎవరూ చేయరని ఎంత చెప్పినా వినదు, ఫోన్ చేతిలోంచి దించడం లేదు. పొద్దున ఎవరో లోను కావాలా అని చేస్తే, అవతలి మాట పూర్తికాకముందే, "ఆఁ, ఎర్కే. గియోర్గి మా అల్లుడే" అంది.

ఇట్లు,
నీ ముందు తలదించుకున్న అన్న,
ఉదయ్‌భాస్కర్