కల్లు మడ్డిలోని తెల్ల పొడి

డిసెంబర్ 1, గురువారం
మళ్లీ గోధుమరంగే. ఛీ. తెల్లగా రావాల్సిన పొడి ఇటుక దుమ్ములా వచ్చింది. కల్లు మడ్డిలో ఈస్ట్ ఉంటుంది, ఈస్ట్‌లో న్యూక్లియిక్ ఆమ్లం. దాన్ని నీ చేత్తో తీసి, శుభ్రం చేసి పట్టుకురా అంది కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా మేడం. క్రిస్మస్ తర్వాత హైదరాబాద్ తీసుకుపోతే లేబొరేటరీలో చోటు. లేకపోతే ఈ స్టేషన్ ఘన్‌పూర్ దవాఖానలో, కాంపౌండర్‌గా చేసే మా బాపు పక్కన కూర్చుని మాత్రలు నూరడమే. కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

డిసెంబర్ 3
ఈత చెట్లు గీసే కొమురయ్య మామ తెచ్చిన కుండకు లోపలంతా సున్నం! సున్నం పూస్తే కల్లు పులవదు, పులవకపోతే ఈస్టే ఉండదు. అడిగితే నొచ్చుకున్నాడు.
"సదువుకునే పిల్లకు గలీజు మడ్డి ఎట్ల ఇయ్యాలె, బిడ్డా?"
నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గలీజే కావాలి మామా అని బతిమాలాను. సాయంత్రానికి పాత కుండల అడుగులు గీకి తెచ్చాడు. బంగారంలాంటి మనిషి.

డిసెంబర్ 4, ఆదివారం
ప్రార్థనలో కూర్చున్నా ధ్యాసంతా పుస్తకంలోని ఆ ఆమ్లం బొమ్మ మీదే. ఫాస్ఫారిక్ ఆమ్లం, చక్కెర, నత్రజని క్షారం — మూడూ కలిస్తే ఒక న్యూక్లియోటైడ్. అవి వరుసగా ముడిపడితే న్యూక్లియిక్ ఆమ్లం. మడ్డిలోని దానికి రైబోజ్ చక్కెర. దూడ మెడ గ్రంథిలోని దానికీ ఇంచుమించు అదే, ఒక్క ఆక్సిజన్ తక్కువ. క్షారాలు నాలుగే. పుస్తకమేమో నాలుగింటినీ సమానంగా పేర్చి, అదే మళ్లీ మళ్లీ అంటుంది. నేను నమ్మను. ప్రాణమున్న ప్రతిదాంట్లో ఉండేది ఇంత విసుగ్గా ఉంటుందా? ఫాస్ఫేటు చక్కెరను ఎక్కడ పట్టుకుందో కూడా ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. నేను చూడాలి. నేనే చూడాలి.

డిసెంబర్ 6
తెలుపు! కాస్టిక్ సోడాలో కరిగించి, వడగట్టి, ఆమ్లం చుక్కలు వేసి, స్పిరిట్ పోయగానే మబ్బులా దిగింది. చిటికెడు ఉడికించి మాలిబ్డేటు వేస్తే పసుపు — ఫాస్ఫరస్ ఉన్నట్టే. మొత్తం రెండు చెంచాల పొడి. మేడం కోసం దాచాను.

డిసెంబర్ 7
కొమురయ్య మామ రాలేదు. చెట్లకు కుండలు లేవు.

డిసెంబర్ 9, శుక్రవారం
నిజాం రాజ్యం పోయి ఏడాది దాటింది, సోదాలు మాత్రం పోలేదు. ఈ రోజు దవాఖాన వంతు. మిలిటరీ అధికారి అలమార తెరిచి స్పిరిట్ సీసాలు చూశాడు. లెక్క పుస్తకం ప్రకారం నాలుగు తక్కువ. అడవిలో కమ్యూనిస్టు దళానికి పంపావా అని బాపును ఉర్దూలో నిలదీశాడు. నేనే అనేశాను, నాలుగూ నా పొడికే వాడానని. నిజానికి వాడింది ఒకటే.
అయితే సోమవారం నా ముందు చేసి చూపించు, నాలుగు సీసాలు ఎట్లా పడతాయో చూస్తా, అన్నాడు. చూపలేకపోతే బాపును క్యాంపుకు తీసుకుపోతాడు. అక్కడికి పోయినవాళ్లు ఎట్లా తిరిగొస్తున్నారో మాకు తెలుసు.
వాళ్లు పోయాక బాపును అడిగాను, మిగతా మూడు ఏమయ్యాయని.
"గాయమైనోడు వాకిట్ల నిలవడితే, నువ్వు ఎవ్వని మనిషివని అడుగుతమా, బిడ్డా?"
అంతే.

డిసెంబర్ 10
కరిగించు, స్పిరిట్ పోసి దించు, కడుగు. మళ్లీ కరిగించు. శుద్ధి చేసిన ప్రతిసారీ స్పిరిట్ పోతుంది, పొడీ తగ్గుతుంది. నాలుగుసార్లు చేస్తే నాలుగు సీసాలు. పద్ధతి ప్రకారమే, ఎవరూ తప్పు పట్టలేరు. కానీ కొత్త మడ్డి లేదు. ఉన్నది మేడం కోసం దాచిన పొడే. అలమారలో మిగిలినవీ నాలుగు సీసాలే.
కోపం వస్తోంది. అధికారి మీద, బాపు మీద, నా మీద కూడా.

డిసెంబర్ 12, సోమవారం
చేశాను. అధికారి కుర్చీ వేసుకుని చూశాడు. ఇదేమిటని అడిగాడు. మీ ఒంట్లో కూడా ఉండేదే అన్నాను. నవ్వాడు. నాలుగో సీసా అయ్యేసరికి గోటి మీద పట్టేంత మిగిలింది. అంత తెల్లగా ఎప్పుడూ రాలేదు. పరీక్షకు పంపిస్తానని కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. బాపును వదిలేశాడు.
మేడంకు ఏం రాయను... కాసేపు ఏడ్చాను.

అదే రోజు, సాయంత్రం
కొమురయ్య మామ భార్య లచ్చమ్మ అత్త వెనక వాకిట్లోకి వచ్చింది. కొంగు కింద ఖాళీ సీసా. మామ తొడలో తూటా దిగిందట. బాపు ఇచ్చింది అయిపోయిందట.
"కాలు చీము వట్టింది, బిడ్డా. జరంత స్పిరిట్ పొయ్యి."
అలమార ఖాళీ. నాలుగు సీసాలూ నేనే ఒంపాను. కూర్చో అత్తా అన్నాను.
వాడిన స్పిరిట్ బేసిన్‌లోనే ఉంది, ఆమ్లం కలిసి. మరిగించి ఆవిరి పడితే మంచిది వేరవుతుంది. కానీ ఆ వాసన క్యాంపు దాకా పోతుంది, వాళ్లొస్తే ఈసారి ఇద్దరినీ తీసుకుపోతారు. బాపుకూ తెలుసు. కిటికీలు మూసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.
స్టవ్ వెలిగించాను. మొదటి చుక్క ఇంకా పడలేదు...