1970లో కోసిన కాఫీ

ఏప్రిల్ 2, ఉదయం 9:10

ఒట్టు! ఇవాళ్టి నుంచి ఆఫీసు కంప్యూటర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయను. ప్రేమ్‌కుమార్‌కి ఫోన్ చేయను. రెండే నియమాలు. చచ్చినా తప్పను.

ప్రేమ్‌కుమార్ మా మరిది. నా పెళ్లినాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. ఇప్పుడు విశాఖలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. మొన్న భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు, "మా ఉమ వదినకి కంప్యూటర్లో పవర్ బటనొక్కటే తెలుసు." అత్తగారు నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, నా మొహం చూసి, పప్పులో తల దూర్చారు.

చూపిస్తాను అందరికీ!

మధ్యాహ్నం 12:00

డుంబ్రిగుడ కాఫీ రైతుల సంఘం ఆఫీసులో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. నల్ల పెట్టె. లోపల విండోస్ కాదు, లైనక్స్. దానికి రెండు రోగాలు. కరెంటు పోయి వస్తే నెట్ మొదలవదు. పైగా తేదీ మర్చిపోతుంది.

మామూలుగా అయితే పట్టించుకోను. కానీ ఈసారి మా రైతు కనక పండించిన కాఫీ రుచి పోటీకి వెళ్తోంది. మా సంఘం నుంచి మొదటిసారి! గింజలు వెళ్లిపోయాయి. పండ్లు కోసిన రోజుల ఫోటోలు పదకొండో తేదీ సాయంత్రంలోగా పోటీవాళ్ల సైట్‌లో పెట్టాలి. పోయిన వారమే అందరి ఫోన్లలోంచి ఆ ఫోటోలు పెట్టెలోకి ఎక్కించాను.

ఇవాళ తెరిచి చూస్తే ప్రతి ఫైలుకీ ఒకటే తేదీ. 1970 జనవరి 1.

ఏప్రిల్ 3, ఉదయం 10:30

కారణం చదివి తెలుసుకున్నాను. నేనే! ఈ జాతి కంప్యూటర్లు కాలాన్ని 1970 నుంచి లెక్కపెడతాయట. గడియారం బ్యాటరీ చచ్చిపోతే పాపం మళ్లీ అక్కడికే పోయి కూర్చుంటాయి. నెట్ ఉంటే సరైన టైము అడిగి తెలుసుకుంటాయి. మనకి అదీ లేదాయె.

నాలో ఇంత తెలివి ఉందని నాకే తెలియదు.

సంఘం ప్రెసిడెంటు భీముడు గారు, కనక వచ్చారు. తేదీ చూపించాను.

"అప్పటికి మా కొండ మీద కాఫీ మొక్కే నేదమ్మా," అన్నారు భీముడు గారు. "మా అయ్య కందులేసీవోడు."

కనక మొహం చిన్నబోయింది. "అయితే నా గింజ పాతదని తీసి పారేత్తారా?"

"నేనున్నాను కదా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఎంత హాయిగా ఉందో.

ఏప్రిల్ 4, మధ్యాహ్నం 3:15

దొరికింది!! నెట్ రోగానికి మూలకారణం దొరికింది!

కొండ వెనక ఉరిమింది. మా ఆఫీసులో అన్నీ చూసుకునే దేముడమ్మ పరిగెత్తుకొచ్చి ప్లగ్గులన్నీ పీకేసింది. ఇక్కడ ఉరిమితే అందరూ అంతే, పిడుగుకి ఎన్ని టీవీలు పోయాయో. వాన వెలిశాక మళ్లీ పెట్టింది. ముందు నేల మీదున్న పెట్టెకి. తర్వాత తీరిగ్గా పీట తెచ్చుకుని, కిటికీ పైనున్న నెట్ మోడెమ్‌కి. ఈలోగా పెట్టె లేచి, నెట్ కోసం వెతికి, దొరక్క ఊరుకుంది.

"దేముడమ్మా, ముందు పైది పెట్టాలి."

"పీటెక్కాలి గదమ్మా. కిందది బేగి అయిపోద్ది."

పరవాలేదు. మోడెమ్ వచ్చేదాకా ఆగమని పెట్టెకే చెబుతాను. ముందు తేదీల పని.

ఏప్రిల్ 5, ఉదయం 11:42

పెట్టెలో తేదీ చేత్తో సరిచేశాను. పుట్టుమచ్చలా పట్టుకున్న ఆ 1970ని ఫైళ్ల మీంచి తుడిచేయడానికి టచ్ అని ఒక ఆజ్ఞ ఉంది. పేరెంత ముద్దుగా ఉందో! ఒక్క దెబ్బతో ఫోటోలన్నిటికీ కొట్టాను. 1970 మాయం! నెట్ చేత్తో మొదలుపెట్టి, సైట్‌లో పెట్టేశాను.

స్వీట్లు తెప్పించాను. ప్రేమ్‌కుమార్‌కి ఒకటి ఫోటో తీసి పంపాను. ఫోటో పంపడం ఫోన్ చేయడం కాదు.

ఏప్రిల్ 6, ఉదయం 10:05

పోటీవాళ్ల దగ్గర్నుంచి ఫోన్.

"మేడమ్, కనక గారి తోటంతా ఏప్రిల్ అయిదున, పదకొండూ నలభై రెండుకి కోసేశారా?"

భీముడు గారు పక్కనే ఉన్నారు. "మావోలు పనిలో దిగితే అంతే," అన్నారు గర్వంగా.

ఆ మనిషి నవ్వలేదు. అసలు కోసిన తేదీలు పదకొండో తేదీలోగా చూపించకపోతే పోటీ నుంచి తీసేస్తారట.

నేను టచ్ కొట్టిన నిమిషమే ఫోటోలన్నిటికీ అంటుకుంది. దానికి వెనక్కి తిప్పే ఆజ్ఞ లేదు. మూడు పుస్తకాలు వెతికాను. లేదు.

ఏప్రిల్ 7, సాయంత్రం 4:00

నా మోచెయ్యి పవర్ బటన్‌కి తగిలింది. అనుకోకుండానే. తర్వాత ఇంకో రెండుసార్లు కూడా తగిలింది. ఇరుకు గది మరి! మోచేతికి నియమాలేం తెలుస్తాయి.

దేముడమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, బటన్‌తో కొట్లాడతన్నావా?" అంది.

ఏప్రిల్ 8, ఉదయం 9:40

నెట్ రోగం పని పట్టాను. మోడెమ్ వచ్చేదాకా ఆగమని పెట్టెకి గట్టిగా రాశాను.

10:20. ఆగింది.

11:30. ఇంకా ఆగే ఉంది. తెర మీద ఒకటే గీత, అదొక్కటే మిణుకుమంటోంది.

1:00. మోడెమ్ ప్లగ్ పెట్టలేదని చూసుకున్నాను. పెట్టాను. అయినా ఆగే ఉంది. ఎంతసేపాగాలో చెప్పడం మర్చిపోయాను. ఏమేం రాశానో అదీ మర్చిపోయాను.

మోచెయ్యి చాలాసార్లు తగిలింది. మళ్లీ గీతే.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:30

కనక వచ్చి, తెర మీది గీతనే చూస్తూ బెంచీ మీద కూర్చుంది. అలా కూర్చుంటే నేను తట్టుకోలేను.

అత్తగారి మోకాళ్లెలా ఉన్నాయో కనుక్కుందామని ఫోన్ చేశాను. నియమాల్లో అత్తగారు లేరు. ఈ వేళకి వాడు భోజనానికి ఇంటికొస్తాడని తెలుసు, అది వేరే సంగతి. వాడే ఎత్తాడు.

"ఏం పోయింది వదినా?"

"ఏం పోలేదు. మోకాళ్లు..."

"ఆఫ్ చేసి ఆన్ చేశావా?"

"తొమ్మిదిసార్లు," అన్నాను. నోరు జారింది.

నవ్వాడు. వాడి వెనక అత్తగారు కూడా నవ్వారు. మోకాళ్లకేం, బాగానే ఉన్నట్టున్నాయి.

సిగ్గు వదిలేసి మొత్తం చెప్పాను. "ఫోన్‌తో తీసిన ఫోటో లోపల ఇంకో తేదీ ఉంటుంది వదినా. నువ్వు టచ్ చేసినా అది చెక్కుచెదరదు. కొత్త బ్యాటరీ పట్టుకొస్తాను, ఎల్లుండి వస్తున్నా," అన్నాడు.

కనకకి చెప్పాను. లేచి వెళ్లి టీ తెచ్చిచ్చింది.

ఏప్రిల్ 11, సాయంత్రం 5:50

పదింటికి రావాల్సినవాడు మూడింటికి వచ్చాడు. కొండ ఊళ్లలో ఇటుకల పండగ, వేట పండగ కదా, దారి పొడుగునా ఆడవాళ్లు రోడ్డుకి వెదురుకర్ర అడ్డం పెట్టి బళ్లు ఆపుతున్నారట. చందా ఇస్తానన్నా వదలకుండా రెండుచోట్ల కొండ నాట్యం థింసా ఆడించారట. నాకు కడుపు నిండింది.

గీత దగ్గర ఆగిన పెట్టెని లేపాడు. "ఎంతసేపైనా ఆగమని రాస్తే ఆగక ఏం చేస్తుంది వదినా?" అని, కొంచెంసేపే ఆగేలా మార్చాడు. ఫోటోల లోపలి తేదీలు బయటికి తీశాడు. నవంబరు, డిసెంబరు, జనవరి. అన్నీ ఉన్నాయి!

సైట్‌లోకి ఎక్కుతుండగా ఉరిమింది. దేముడమ్మ ప్లగ్గుల వైపు బయల్దేరింది. నేను అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. పిడుగు పడితే పడనీ!

పడలేదు. అందింది అని సైట్ చెప్పింది. ఆ పోటీ మనిషికి ఫోన్ చేసి మరీ అడిగాను. తేదీలు సరిపోయాయన్నాడు.

"అంటే నా గింజ ఈ ఏడుదేనని ఒప్పేసుకున్నారా?" అంది కనక.

"ఒప్పుకున్నారు."

రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ప్రేమ్‌కుమార్ మీద ప్రేమ కూడా వచ్చింది.

"ఇక బ్యాటరీ ఇవ్వు," అన్నాను.

జేబులు తడుముకున్నాడు. "ఫ్రిజ్ మీద పెట్టి వచ్చేశాను వదినా."

ఈ పండగలో వేటకి వెళ్లిన మగవాళ్లు వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లతో స్వాగతం చెబుతారు. వాకిట్లో కనక వాళ్ల వీధివాళ్లు బకెట్లతో సిద్ధంగానే ఉన్నారు.

"ఈ గుంటడేటి, వట్టి చేతుల్తోనే వచ్చీసినాడా?" అని దేముడమ్మ నన్నడిగింది.

నేను అబద్ధం ఆడను. అవునన్నాను.

జనవరి 1, 1970, ఉదయం 5:30 (పెట్టె లెక్కన)

నిన్న ప్రేమ్‌కుమార్‌ని బావి దగ్గర కడుగుతుంటే మళ్లీ ఉరిమింది. దేముడమ్మ ప్లగ్గులు పీకేసింది. మళ్లీ పెట్టేటప్పుడు తను పీట ఎక్కేలోగా పెట్టె ఆగాల్సిన కొంచెంసేపూ అయిపోయింది. ఇవాళ పెట్టె తెరవగానే కనపడ్డ తేదీ ఇది.

పోనీలే, కొత్త సంవత్సరం మొదటి రోజు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా? ఒట్టు! ఆఫ్ చేసి ఆన్ చేయను. ప్రేమ్‌కుమార్‌కి ఫోన్ చేయను.

ఈసారి తప్పే ప్రశ్నే లేదు. వాడింకా పుట్టనే లేదు.