పొయ్యి పైన గోడకి అమ్మ ఫొటో

నికాసియో,

పెద్ద కుండలో ఉన్న మోలే పులుసు ఎవరికీ వడ్డించకు. చెడిపోలేదురా, రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంది, కానీ గుప్పెళ్లకొద్దీ ఎండుమిర్చి నూరి వేసినా అందులో వీసమెత్తు కారం లేదు. చిక్కుడు గింజల్లో ఉప్పూ లేదు. నేను కోడి కోసం సంతకు వెళ్తున్నాను. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు నాలుగింటికి మళ్లీ వస్తానన్నాడు కాబట్టి గిన్నెలన్నిటికీ మూతలు పెట్టి ఉంచు.

నిన్న ఆయన "వంటింట్లో ఫొటోలూ కొవ్వొత్తులూ పనికిరావమ్మా" అన్నాడో లేదో, నన్నొక్క మాట అడక్కుండా అమ్మ ఫొటో తీసి ఫ్రిజ్ మీద పడేశావు. ఏటా నవంబరులో పెద్దల పండక్కి చనిపోయినవాళ్లకు పెట్టిన తిండి మర్నాడు ఎలా ఉంటుందో నీకూ తెలుసు. వాళ్లు రుచంతా తిని వెళ్తారు, మనకు చప్పిడి మిగులుతుంది. కానీ ఇది మే నెలరా. పిలవకుండా వచ్చినవాళ్లను సాగనంపడం నాకు చేతకాదు.

ఫొటో మళ్లీ పొయ్యి పైన గోడకి తగిలించు. ముందు అమ్మకి వేడి టోర్టియా రొట్టె ఒకటి పెట్టు. హోటలు మూయిస్తే మూయించనీ.

అక్క ఒబ్దులియా

ఇంకొకటి. ఇది రాస్తూ కాస్త ఏడ్చాను. కన్నీళ్లు పెదాల మీదికి జారాయి. వాటిలోనూ ఉప్పు లేదు.