సీతమ్మ జడలో పూలు

హిందూపురం, 13-7-1998

నాయనకు, అమ్మకు అంజినమ్మ దండాలు. పాపకు జ్వరం తగ్గి బడికి పోతోంది, దిగులు పడకండి.

మన తోలుబొమ్మలను పెనుకొండ మ్యూజియానికి ఇచ్చానని నీకింకా కోపం పోలేదని తమ్ముడు రాశాడు. "ఆడించని బొమ్మ సచ్చినట్టే" అన్నావు కదా నాయనా, నిన్న జరిగింది చెబుతాను విను.

అక్కడ మ్యూజియం చూసుకునే గ్రేస్ టీచర్‌తో కలిసి మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం ప్రతి ఆదివారం జీతం లేకుండా పని చేస్తున్నాం. బొమ్మల దుమ్ము తుడిచి, ఊరి పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాం. నిన్న నాగరత్న అనే చూపు లేని పిల్ల వచ్చింది. టీచర్ అద్దాల పెట్టె తెరిచి, నువ్వు చేసిన సీతమ్మను తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. నువ్వు కొట్టిన చిల్లుల వెంబడే నాగరత్న వేళ్ళు జరుపుతూ, "ఇది దండ. ఇది వడ్డాణం. ఈడ జడ ఉండాది, జడలో పూలుండాయి!" అంది.

"ఈ బొమ్మ చేసినాయప్ప యాడుండాడక్కా? నాకు నేర్పిస్తాడా?" అని అడిగింది.

"మా నాయనే" అన్నాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగు. చిల్లులు కొట్టే ఉలులు, రెండు మేకతోళ్ళు తెచ్చుకో. అమ్మ మోకాళ్ళ నొప్పికి పంపిన నూనె ముట్టిందా? తమ్ముడికి ఆశీస్సులు, అవ్వకు దండాలు. నువ్వొస్తావని ఆ పిల్లకు మాటిచ్చేశాను నాయనా.

నీ కూతురు,
అంజినమ్మ