మొదటి పేషెంటు

నాయినా,

నేను రాసిన వ్యాసానికి అవార్డు వచ్చింది. గాయాల సంరక్షణ మీద పత్రికల్లో రాసే నర్సులకు ఇచ్చే అవార్డు. వచ్చే వారం హైదరాబాద్‌లో, స్టేజీ మీద ఇస్తారట.

కాలికి పుండున్నా, తడి తగలకుండా యూరియా సంచి లోపలి కవరు బిగించి కట్టుకుని పనికి దిగే మన కోహీర్ దిక్కు అల్లం రైతుల గురించి రాశాను. నీళ్లు లోపలికి పోవు, నిజమే. చెమట కూడా బయటికి రాదు. పుండు నానిపోతుంది. నీలాగా షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి కూడా తెలియదు.

"చిన్న పుండే బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నావు నువ్వు. జహీరాబాద్ దవాఖానలో రోజంతా పరాయివాళ్ల కట్లు విప్పే నేను, నీ కవరు విప్పి చూడలేదు.

వ్యాసంలో పేషెంట్ల పేర్లు రాయకూడదు. అందుకే అందులో నువ్వు ‘మొదటి పేషెంటు’వి. ఆ పేషెంటు మా నాయినేనని స్టేజీ మీద చెప్తానంటే మా హెడ్ నర్సు కోప్పడింది.

"నీకేమన్న పిచ్చా? నర్సు ఇంట్లనే గిట్లయిందంటే నలుగురు నవ్వుతరు. సప్పుడు చెయ్యక అవార్డు తీసుకొని రా."

సప్పుడు చెయ్యకుండా నువ్వున్నావు, నేనూ ఉన్నాను. ముందు నీ కాలు పోయింది, తర్వాత నువ్వే పోయావు. ఇక చాలు.

నీ పేరు చెప్తాను. నేను చూడలేదన్న సంగతీ చెప్తాను. నవ్వేవాళ్లు నవ్వనీ. వాళ్లలో ఒక్కరైనా ఇంటికి పోయి, తమ నాయిన కాలికున్న కవరు విప్పి చూస్తారు.